పరదా వెనక గోల్ఫ్

మా కాలేజీలో గోల్ఫ్ ఎందుకు పెట్టారని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఒక్కటే. పోలోకి గుర్రాలు కావాలి.

మాది నందివలసలో ఒక చిన్న డిగ్రీ కాలేజీ. ముందు బస్టాండు, వెనక జీడితోటలు, మధ్యలో మేము. ఆ ఏడాది కాలేజీలకు గ్రేడులిచ్చే మండలి వారు కొత్త నిబంధనలు పంపారు. అంతర్జాతీయ ప్రతిష్ఠ గల క్రీడ ఏదైనా నేర్పుతుంటే పాయింట్లు ఇస్తారట. దాన్నే పురుషులకు వేరుగా, మహిళలకు వేరుగా నేర్పితే రెట్టింపు ఇస్తారట. పడవ పందేలు, పోలో, గోల్ఫ్ అని పేర్లు కూడా వాళ్ళే సూచించారు. కబడ్డీ, ఖోఖోలను మాత్రం ‘స్థానిక కాలక్షేపములు’ అన్న శీర్షిక కింద వేసి, ఎదురుగా సున్నా చుట్టారు. గ్రేడు రాకపోతే మమ్మల్ని పక్క ఊరి కాలేజీలో కలిపేస్తారన్న మాట అప్పటికే బస్టాండు దాకా పాకింది.

ప్రిన్సిపాల్ భుజంగరావు గారు స్టాఫ్ మీటింగు పెట్టారు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో నాకు తెలియదు. కాలేజీలో మాత్రం శిలాఫలకం ఆవిష్కరిస్తున్నట్టు మాట్లాడతారు.

"పడవ పందేలకు నీరు అవసరము. మన గెడ్డలో వేసవికి ఇసుక తప్ప ఏమియు మిగలదు. పోలోకు గుర్రములు అవసరము. ఇక గోల్ఫ్ అనునది ప్రధానముగా నడకతో కూడిన క్రీడ. మన విద్యార్థులు బస్టాండు నుండి రోజూ నడిచియే వచ్చుచున్నారు. కావున శిక్షణలో సగభాగము పూర్తయినట్లే భావించవచ్చును."

మా కాలేజీలో వ్యాయామ ఉపాధ్యాయుడు రిటైరయ్యాక ఆ ఉద్యోగం ఎవరికీ ఇవ్వలేదు. అందుకని గోల్ఫ్ నేర్పే బాధ్యత మాలోనే ఎవరో ఒకరి నెత్తిన పడాలి. బంతి గాల్లోకి లేస్తుంది కాబట్టి పురుషుల గోల్ఫ్‌ని ఫిజిక్స్ చెప్పే కామేశం గారికి అప్పగించారు. మహిళల గోల్ఫ్ అనేసరికి అందరూ నా వైపు తిరిగారు. నా పేరు విశాలాక్షి, నేను చెప్పేది బోటనీ.

"సార్, నేను జన్మలో బ్యాటు కూడా పట్టుకోలేదు" అన్నాను.

"గోల్ఫ్‌లో మూడొంతులు గడ్డియేనమ్మా. గడ్డి మీ సబ్జెక్టే కదా" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆ మాటతో మీటింగు ముగిసింది, టీలు వచ్చాయి.

మా కాలేజీకి ఉన్నది ఒక్కటే గ్రౌండు. అందులో ఒక పక్క మగపిల్లల కబడ్డీ, ఇంకో పక్క ఆడపిల్లల ఖోఖో. వారం తిరక్కుండా రెండింటి మీదా గడ్డి చెక్కలు తెచ్చి పరిచేశారు. ఖోఖో స్తంభాలు పీకి సైకిల్ స్టాండు పక్కన పడేశారు. ఆ సాయంత్రమే పైడితల్లి నా గదికి వచ్చింది. ఫైనలియర్ పిల్ల, ఖోఖో కెప్టెన్. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి ఆ రోజు తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"మేడమ్, మా ఖోఖో ఏటైపోద్ది మరి?"

గోల్ఫ్ వల్ల కాలేజీకి కలిగే లాభాలు ఆ పిల్లకు చెప్పబోయాను. నాకే సరిగా గుర్తు రాలేదు.

"రెండేళ్ళ పాటు కొండగెడ్డ కాలేజోళ్ళతోటి ఫైనల్లో ఓడిపోనాం మేడమ్. ఓపాలి ఒక్క పాయింటు, ఇంకోపాలి ఒక్క పాయింటు. ఈ యేడు ఎలాగైనా కొట్టీగలం. యూనివర్సిటీ ఓళ్ళు కూడా ఖోఖో పోటీలు ఎత్తీసినారంట. డిగ్రీ అయిపోతే నానింకెక్కడాడతాను? అత్తోరింట్లో ఖోఖో ఆడనిస్తారేటి?"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి నాకు నిజంగా బాధేసింది. ఏదో చేద్దాంలే అన్నాను. చేయడానికి ఏమీ లేదని నాకూ తెలుసు, తనకూ తెలుసు.

చివరికి దారి చూపించింది ప్రిన్సిపాల్ గారే. అయితే ఆ సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు.

మా కాలేజీ ఆచారం ఒకటి చెప్పాలి. మాకు గేట్లు రెండు, మెట్లు రెండు, లైబ్రరీ వేళలు రెండు. మగపిల్లలు చదివి తిరిగిచ్చిన పుస్తకాన్ని ఒక రోజు ఆరబెట్టి గానీ ఆడపిల్లలకివ్వరని ఊళ్ళో వేళాకోళం చేస్తారు గానీ, అది అబద్ధం. ఒక పూటే ఆరబెడతారు. ఇలాంటి చోట ఇద్దరూ ఒకే గడ్డి మీద కర్రలు పట్టుకుని తిరగడమంటే ప్రిన్సిపాల్ గారికి కంటి మీద కునుకు రాలేదు. నిబంధనలు మళ్ళీ తీసి చూస్తే ‘పురుషులకు వేరుగా, మహిళలకు వేరుగా’ అన్న మాట కనబడింది. ఇంకేముంది, మండలి ఉద్దేశమూ తన ఉద్దేశమూ ఒకటేనని ఆయన తేల్చేశారు.

మొక్కల పెంపకానికని మా డిపార్టుమెంటు తెప్పించుకున్న ఆకుపచ్చ నీడ గుడ్డ ఉంది. దాన్ని తెచ్చి మహిళల భాగానికి నాలుగు వైపులా, ఏనుగు నిలబడ్డా కనబడనంత ఎత్తున పరదా కట్టించారు. లోపలికి వెళ్ళడానికి నాకూ ఆడపిల్లలకూ తప్ప ఎవరికీ అనుమతి లేదు. పురుషుల భాగానికి పరదా లేదు. అది ప్రిన్సిపాల్ గారి కిటికీకి ఎదురుగా ఉంది.

ఇంకో ఆర్డరు కూడా వేశారు. పురుషుల బంతి మహిళల వైపు పోతే, కొట్టినవాడు తండ్రిని వెంటబెట్టుకుని రావాలి.

మొదటి వారంలోనే సింహాద్రి దొరికిపోయాడు. కబడ్డీలో కూతకు వెళ్తే ఇద్దరిని ఈడ్చుకొచ్చే కుర్రాడు. మొదటి దెబ్బకే బంతి పరదా దాటి వెళ్ళిపోయింది. మర్నాడు వాళ్ళ నాన్న జీడితోటలో పని వదులుకుని, భుజాన తువ్వాలుతో ప్రిన్సిపాల్ గారి ముందు నిలబడ్డాడు. ఏదో కాగితం మీద సంతకం కోసం నేనూ అక్కడే ఉన్నాను.

"మీ కుమారుని బంతి నిన్నటి దినమున ఆడపిల్లల ప్రాంతములోనికి ప్రవేశించినది" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

సింహాద్రి నాన్న తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "బంతేనా బాబూ ఎల్లింది? దాని ఎనకాల ఈడెల్లనేదు కదా?"

"లేదు."

"మరైతే బంతిని కన్న బాబుని పిలిపించాల గానీ, నన్నెందుకు పిలిపించినారు?"

ప్రిన్సిపాల్ గారు క్రమశిక్షణ మీద చాలాసేపు మాట్లాడారు. ఆయన ఓపిగ్గా విని, గుమ్మం దాటాక కొడుకు నెత్తి మీద ఒకటి మొట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పురుషుల గోల్ఫ్ తీరే మారిపోయింది. కుర్రాళ్ళు బంతిని తాకీ తాకనట్టు కొట్టడం మొదలుపెట్టారు. నాన్నని పిలిపించే అవకాశం ఎంత తక్కువైతే దెబ్బ అంత మంచిది కదా. దసరా సెలవులు వచ్చేసరికి కర్ర ఊపడమే తప్ప బంతి కదలడం పూర్తిగా మానేసింది. కామేశం గారు పక్కన నిలబడి, బంతి కదిలితే ఎక్కడ పడి ఉండేదో లెక్క కట్టి చెప్పేవారు.

ఇక మా వైపు సంగతి. మొదటి రోజు పరదా వెనక పిల్లలందరూ గడ్డి మీద కూర్చున్నారు. గుంటలు తవ్వే కూలీలకు గోల్ఫ్ గుంటలు ఎక్కడెక్కడ ఉండాలో ఎవరూ చెప్పకపోవడంతో, కొబ్బరి మొక్కలకు తవ్వినట్టు ఒకే వరసలో తవ్వేశారు. అన్నింటికీ జెండాలు చాలక, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి పాతి వదిలేశారు. పుస్తకం తెరిచి బంతిని ఎలా కొట్టాలో చదువుతున్నాను. పైడితల్లి వినడం లేదు. ఈ చివరి జెండా వైపు, ఆ చివరి జెండా వైపు మార్చి మార్చి చూస్తోంది.

"మేడమ్, రెండు కర్రలున్నాయి" అంది.

"అవి జెండాలమ్మా."

"మజ్జిన లైనుంది. ఎవలికీ కనబడం కూడాను."

పిల్లలందరూ నా ముఖంలోకి చూశారు. నేను గడ్డి లెక్చరర్ని. అందుకని గడ్డి వైపు చూశాను. నేను తల ఎత్తేసరికి ఎనిమిది మంది వరసగా, ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి కూర్చుని ఉన్నారు. పైడితల్లి జెండా కర్ర పట్టుకుని గాలిలా తిరుగుతోంది.

మోకాలికి దెబ్బ తగిలిన ఒక పిల్లకు బంతి డ్యూటీ వేశాం. అప్పుడప్పుడు తెల్లబంతిని పైకి విసిరి మళ్ళీ పట్టుకోవడం ఆమె పని. బయటివాళ్ళకు పరదా మీదుగా బంతి లేవడం, దిగడం కనబడుతుంది. మహిళల గోల్ఫ్ జోరుగా సాగుతోందని అందరూ అనుకునేవారు.

ఒక్క చిక్కు వచ్చింది. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించారు.

"అమ్మా, మీ వైపు నుండి ఖో, ఖో అను కేకలు వినవచ్చుచున్నవి."

"బంతి కొట్టేముందు ఎదుటివాళ్ళకు తగలకుండా ఒక కేక వెయ్యాలని పుస్తకంలో ఉంది సార్" అన్నాను. అది నిజమే. ఏ కేకో మాత్రం నేను చెప్పలేదు.

ఆయన ముఖం వికసించింది. "భద్రత! పురుషుల విభాగములో ఈ జాగ్రత్త ఏల పాటించుట లేదు?"

మర్నాడు ఆర్డరు వచ్చింది. అప్పటినుంచి సింహాద్రి, అతని జట్టు ఒకరి తర్వాత ఒకరు నిలబడి, ‘ఖో’ అని గట్టిగా అరిచి, బంతిని తాకకుండా కర్ర ఊపేవారు.

గ్రేడింగు బృందం కార్తీకమాసంలో వచ్చింది. ముగ్గురూ మగవాళ్ళే. చైర్మన్ గారు రిటైరైన ఆచార్యులు. ఏది చూసినా కళ్ళు మూసుకుని తల ఊపేవారు. ముందు పురుషుల గోల్ఫ్ చూపించారు. సింహాద్రి ఖో అన్నాడు, కర్ర ఊపాడు. బంతి ఉన్నచోటే ఉంది. చైర్మన్ గారు చాలాసేపు బంతి వైపే చూశారు.

"ఇతర ప్రాంతములలో బంతిని కొట్టుటయే పరమావధిగా భావించుచున్నారు. ఇక్కడ సంయమనము కానవచ్చుచున్నది" అన్నారు.

"బంతి ఇప్పుడు కదిలి ఉంటే పోస్టాఫీసు దగ్గర పడేది సార్" అన్నారు కామేశం గారు. ఆ మాటను బృందంలో ఒకాయన రాసుకున్నారు.

తర్వాత మహిళల గోల్ఫ్. చైర్మన్ గారు పరదా ఎత్తబోయారు. ప్రిన్సిపాల్ గారు గభాలున అడ్డం నిలబడ్డారు.

"క్షమించవలెను. తమరైనను సరే, లోనికి పురుషులకు ప్రవేశము లేదు."

చైర్మన్ గారు కళ్ళు మూసుకుని, తెరిచి, "నిబంధన నాకునూ వర్తించుట ముదావహము" అన్నారు. పరదాకు ఎదురుగా కుర్చీలు వేశారు. కొబ్బరి నీళ్ళు, వేయించిన జీడిపప్పు వచ్చాయి. బృందం మహిళల గోల్ఫ్‌ని వినడం మొదలుపెట్టింది.

దబదబమని అడుగుల చప్పుడు. ఖో, ఖో. పరదా మీదుగా ఎర్రటి దుమ్ము లేచి జీడిపప్పు పళ్ళెంలో పడుతోంది. పరిచిన గడ్డి ఎప్పుడో అరిగిపోయింది మరి. నేను పరదా అంచు పట్టుకుని నిలబడ్డాను. ఆ పరదా గాలికి కాస్త పక్కకు తొలగితే గ్రేడు పోతుంది, కాలేజీ పోతుంది, అన్నిటికంటే ముందు పైడితల్లి ఆట పోతుంది. అప్పుడే తెల్లబంతి నిటారుగా పైకి లేచి, నిటారుగా కిందికి దిగింది.

"ఎంతటి నిటారుతనము!" అన్నారు చైర్మన్ గారు.

"సరిగ్గా తొంభై డిగ్రీలు సార్" అన్నారు కామేశం గారు.

"నడక ఇంత వేగముగా ఉండుట నేనెన్నడునూ వినలేదు."

"మా బాలికలు బస్సు అందుకొనుటకు అలవాటు పడినవారు" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

మాకు పైగ్రేడు వచ్చింది. కాలేజీ నిలబడింది. మిఠాయిలు పంచుకుని రెండు రోజులు హాయిగా ఉన్నాం. మూడో రోజు మండలి నుంచి ఇంకో కబురు వచ్చింది. నందివలస పరదా పద్ధతిని చుట్టుపక్కల కాలేజీలన్నీ వెంటనే అనుసరించాలట. సంవత్సరాంతంలో అంతర కళాశాల మహిళా గోల్ఫ్ పోటీలు జరపాలట, అవీ మా గ్రౌండులోనే.

ఆ కబురు విని నాకు అన్నం సహించలేదు. తక్కిన కాలేజీల నుంచి నిజంగా గోల్ఫ్ నేర్చుకున్న పిల్లలు వస్తారు. పరదా లోపలికి అడుగు పెట్టగానే అంతా బయటపడుతుంది. పైడితల్లికి ఈ మాట చెప్పాను.

"పోన్లెండి మేడమ్. ఇన్నాళ్ళైనా ఆడీసినాం కదా" అంది. "కొండగెడ్డోళ్ళతోటే ఆడకండా అయిపోనాది. అదొక్కటే నాకు బాధ."

పోటీల రోజు బస్సులు దిగాయి. నాలుగు కాలేజీల అమ్మాయిలు పొడుగాటి గోల్ఫ్ సంచులు మోసుకుంటూ వచ్చారు. బయట షామియానా కింద చైర్మన్ గారు, ప్రిన్సిపాళ్ళు, పూలదండలు, మైకు. మేము పరదా లోపలికి వెళ్ళి, వచ్చినవాళ్ళకు ఏం చెప్పాలో తెలియక నిలబడ్డాం. లోపల అరిగిపోయిన నేల, రెండు జెండాలు, మధ్యలో బాట. దాచడానికి ఏమీ లేదు.

కొండగెడ్డ కెప్టెన్ రూపవతి అనే పొడుగాటి అమ్మాయి. నేల వైపు చూసింది. జెండాల వైపు చూసింది. తర్వాత తన గోల్ఫ్ సంచి కింద పెట్టి, జిప్పు తీసింది. లోపల మోకాలి పట్టీలు, గీతలు గీసే సున్నం పొట్లం ఉన్నాయి. కర్ర ఒక్కటీ లేదు.

పైడితల్లి వంగి సంచిలోకి చూసింది.

"పరదా కట్టినాక మీరూ ఇదే ఆడినారేటి?" అంది రూపవతి.

"మాకే ముందు కట్టినారు" అంది పైడితల్లి. అలా అంటూనే పడీ పడీ నవ్వడం మొదలుపెట్టింది. మిగిలిన మూడు కాలేజీల సంచులూ తెరిచి చూశాం. అన్నింట్లోనూ సున్నమే. కొండగెడ్డ గోల్ఫ్ ఇన్‌ఛార్జి మేడమ్ నా పక్కకు వచ్చి నిలబడ్డారు. ఆవిడదీ బోటనీయే.

"మీ గడ్డి బాగుందండీ" అన్నారావిడ, ఎక్కడా గడ్డి పరక లేని ఆ నేల వైపు చూస్తూ.

"మీదీ ఇలాగే ఉంటుందనుకుంటాను" అన్నాను.

ఆ రోజు ఆడిన ఆట లాంటిది నేను మళ్ళీ చూడలేదు. ఫైనల్‌కు వచ్చింది మా వాళ్ళూ, కొండగెడ్డ వాళ్ళూ. ఖో అన్నప్పుడల్లా బయట షామియానాలో పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. ఆఖరి నిమిషంలో పైడితల్లి జెండా దగ్గర ఒక్క గెంతు గెంతి, రూపవతి వీపు మీద చెయ్యి వేసి, అలాగే ముందుకు బోర్లా పడింది. లేచేసరికి మోచేతులు రెండూ దోక్కుపోయి ఉన్నాయి. ఒక్క పాయింటుతో మేం గెలిచాం. నేను ఇన్‌ఛార్జినన్న సంగతి మర్చిపోయి, ఆ మట్టిలోనే ఆ పిల్లను పట్టుకుని ఏడ్చేశాను.

బయటికి వచ్చి చైర్మన్ గారికి రెండు జట్ల పాయింట్లూ చెప్పాను. ఆయన కప్పు చేతిలోకి తీసుకుని మైకు ముందుకు వచ్చారు. అంతలో కామేశం గారు లేచారు. ఏడాదంతా ఆయన గోల్ఫ్ పుస్తకం వదలకుండా చదివారు.

"సార్, చిన్న విషయం. గోల్ఫ్‌లో తక్కువ వచ్చినవాళ్ళు గెలిచినట్టు."

చైర్మన్ గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచి, "విజేత కొండగెడ్డ" అన్నారు. చప్పట్లు మోగాయి. కామేశం గారు నా వైపు తిరిగి, ఒక తప్పు జరగకుండా ఆపిన మనిషిలా తల ఊపారు. ఓటమిని హుందాగా స్వీకరించుట గోల్ఫ్ లక్షణమని ప్రిన్సిపాల్ గారు నన్ను ఓదార్చారు. నేను పైడితల్లి ముఖం చూడలేకపోయాను. మూడేళ్ళూ అదే ఒక్క పాయింటు.

ఫొటోలయ్యాక పరదా లోపలికి వెళ్ళాను. రూపవతి కప్పు పట్టుకుని పైడితల్లి ఎదురుగా నిలబడి ఉంది.

"ఇది నీదే. తీస్కో."

పైడితల్లి మోచేతుల మీద నీళ్ళు పోసుకుంటోంది. "గోల్ఫ్ కప్పు నాకేటికే? గోల్ఫ్‌లో నువ్వే గెల్చినావు. ఉంచీసుకో."

"మరి ఖోఖో?"

"ఖోఖోలో నాను నిన్ను కొట్టీసినాను. నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవలికి తెలియాల?"

రూపవతి నవ్వి, కప్పును సున్నం పొట్లం పక్కన సంచిలో కుక్కేసింది. ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని బస్సుల వైపు వెళ్ళిపోయారు. పైడితల్లి అంత తేలిగ్గా నడవడం నేను ఆ ఏడాదిలో చూడలేదు.

నేను చివరగా బయటికి వచ్చేసరికి పురుషుల గడ్డి అంచున సింహాద్రి నిలబడి ఉన్నాడు. చేతిలో గోల్ఫ్ కర్ర, వెనకాల అతని కబడ్డీ జట్టంతా ఉంది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"మేడమ్, లోపలేటి ఆడినారో మేమడగం. వచ్చే యేడు మాక్కూడా ఓ పరదా కట్టించండి. కూతకెల్లి ఎన్నాళ్ళో అయిపోనాది."

నేను గడ్డి వైపు చూశాను. బంతి కదలని చోట గడ్డి ఏపుగా, పచ్చగా ఎదిగి ఉంది. ఎండకు పాడైపోతుందనీ, నాలుగు వైపులా నీడ గుడ్డ కట్టకపోతే ఒక్క పరక కూడా బతకదనీ ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ గారికి చెప్పాను.